స్వప్నము - స్మృతి - సాక్షి

నిద్ర ప్రాణికోటికి భగవంతుడు ప్రసాదించిన వరము. ఆ నిద్రలో వచ్చు కల మాత్రము వరమో, శాపమో, వట్టి భ్రమయో తేల్చుకొనలేక మానవుడు అనాదిగా విస్మయము చెందుచునే యున్నాడు. చక్రవర్తికిని, యాచకునికిని, పండితునికిని, పసిపాపకును సమానముగ లభించు అనుభవమిది. దీనికి ధనము అక్కరలేదు, ప్రయాణము అక్కరలేదు. కన్నులు మూతపడిన చాలును, ఒక ప్రపంచము సిద్ధముగ నుండును.

ఆ ప్రపంచపు తీరు మిక్కిలి విచిత్రమైనది. ఏనాడో కూలిపోయిన పెంకుటిల్లు కలలో చెక్కు చెదరక నిలిచియుండును. దాని దొడ్డి తలుపు తెరచినచో పెరటికి బదులు సముద్రము కానవచ్చును. ఇరువది యేండ్ల క్రిందట గతించిన తండ్రి వసారాలో కూర్చుండి, "ఇంత ఆలస్యమైనదేమిరా, అన్నము చల్లారిపోవుచున్నది" అని పిలుచును. ఆయన గతించినాడను సంగతి ఆ క్షణమున జ్ఞప్తికి రాదు. పెరటిలో సముద్రమున్నందుకు ఆశ్చర్యమును కలుగదు. కాళ్ళు కడుగుకొని పీటమీద కూర్చుండబోవు సమయమునకు మెలకువ వచ్చును. కన్నులు చెమర్చి యుండును. ఆ కన్నీరు మాత్రము కలలోనిది కాదు, దిండును తడిపిన నిజమైన కన్నీరే.

మేల్కాంచిన తొలి క్షణమున కల సమస్తమును కన్నుల యెదుటనే యుండును. ముఖము కడుగుకొని వచ్చునప్పటికి సగము చెదరిపోవును. ఇంటివారితో చెప్పబోవుసరికి వరుస తప్పును. తండ్రి ముందు పిలిచెనా, తలుపు ముందు తెరచెనా యని సందేహము కలుగును. చెప్పువాడు తనకు తెలియకయే మధ్యనున్న ఖాళీలను ఊహతో పూరించును. సాయంకాలమునకు ఒక ముఖమో, ఒక మాటయో, కారణము తెలియని దిగులో మిగులును. అయినను కొన్ని కలలు ఏండ్లు గడచినను చెరగక, నిజముగ జరిగిన సంఘటనలకంటె స్పష్టముగ నిలిచిపోవుటయు కలదు.

ఇట్లు వచ్చి పోవు స్వప్నమును నమ్మవలెనా? దానికి భయపడవలెనా? అన్నిటికంటె ముఖ్యముగ, శరీరము శయ్యపై కదలక పడియుండగా ఆ కలను చూచినదెవరు? తెల్లవారిన పిమ్మట దానిని జ్ఞప్తికి తెచ్చుకొన్నదెవరు? మన ఋషులు ఈ ప్రశ్నలను తేలికగా తీసికొనలేదు.

శ్రుతి దర్శించిన స్వప్నలోకము

బృహదారణ్యకోపనిషత్తు నాలుగవ అధ్యాయమున జనక మహారాజు యాజ్ఞవల్క్యుని, మానవునకు వెలుగునిచ్చునది ఏది యని ప్రశ్నించెను. మహర్షి మొదట సూర్యుని చెప్పెను. సూర్యుడు అస్తమించినచో చంద్రుడు, చంద్రుడును లేనిచో అగ్ని, అగ్నియు ఆరినచో వాక్కు. ఇవి యన్నియు శమించినప్పుడు మిగులు వెలుగేది యని రాజు విడువక అడుగగా, ఆత్మయే యని బదులు వచ్చెను. ఈ సమాధానమును నిరూపించుటకు యాజ్ఞవల్క్యుడు ఎన్నుకొన్న దృష్టాంతము స్వప్నమే. కలలో సూర్యుడు లేడు, దీపము లేదు, కన్నులు మూసికొని యున్నవి. అయినను రూపములు వెలుగుచున్నవి. ఆ వెలుగు ఎక్కడిది?

ఈ లోకము ఒకటి, పరలోకము ఒకటి, రెండింటి సంధియందున్నది స్వప్నస్థానమని ఆ మహర్షి బోధించెను. అచ్చట నిజముగ రథములుగాని, గుఱ్ఱములుగాని, బాటలుగాని లేవు. జీవుడే వానిని కల్పించుకొనును, వానిలో విహరించును. పెద్ద చేప యొకటి నది యొక్క ఈ గట్టునకును ఆ గట్టునకును సంచరించినట్లు, జీవుడు జాగ్రత్స్వప్నముల నడుమ సంచరించుచున్నాడని ఉపమానము చెప్పెను. చేప గట్టును తాకును గాని గట్టునకు అంటుకొని పోదు. అట్లే కలలో చూచిన మంచి చెడ్డలు జీవుని స్వరూపమునకు అంటవు. తనను ఎవరో చంపుచున్నట్లు, ఏనుగు తరుముచున్నట్లు, గోతిలో పడుచున్నట్లు తోచుట, మెలకువలో ఎరిగిన భయమును అవిద్యచే అచ్చట మరల కల్పించుకొనుట మాత్రమేయని వివరించెను. గాఢనిద్రలో నున్నవానిని హఠాత్తుగా లేపరాదను లోకుల మాటను గూడ ఈ ఘట్టము పేర్కొన్నది. నేటికిని పల్లెలలో పెద్దలు నిద్రించు బిడ్డను మెల్లగా పేరు పెట్టి పిలిచి లేపుటలో ఆ జాగ్రత్తయే కానవచ్చుచున్నది.

ప్రశ్నోపనిషత్తున గార్గ్యుడు, కలలను చూచు దేవుడెవరని పిప్పలాదుని అడిగెను. ఇంద్రియములన్నియు మనస్సునందు లీనమై యుండగా ఆ మనస్సే తన మహిమను తాననుభవించుచున్నదని పిప్పలాదుడు బదులిచ్చెను. చూచిన దానినే మరల చూచును, విన్నదానినే మరల వినును. అంతతో ఆగక చూడని దానిని, విననిదానిని గూడ చూచును, వినును. కూలిన యిల్లు చూచినది, తలుపు వెనుక సముద్రము చూడనిది. రెండింటిని ఒక్కచోట కూర్చగల సామర్థ్యము మనస్సునకు కలదు. పండ్రెండు మంత్రములు మాత్రమే కల మాండూక్యోపనిషత్తు ఈ స్వప్నావస్థను ఆత్మకు రెండవ పాదముగ గణించి, అందలి జీవునకు తైజసుడని పేరిడి, ప్రణవమునందలి ఉకారముతో జోడించినది. అనగా వ్యర్థమని లోకము త్రోసిపుచ్చు కల, ఓంకారములో ఒక మాత్రగా గౌరవము పొందినది.

జ్ఞప్తి యొక్క వింత

కలను చూచుట ఒక వింత. దానిని జ్ఞాపకముంచుకొనుట అంతకు మించిన వింత. శ్రీమద్భాగవతము దశమస్కంధమునందలి ఉషాకన్య కథ ఈ విషయమున ఎంతయు ఆలోచింపదగినది. బాణాసురుని కుమార్తె యైన ఉష ఎన్నడును చూడని, వినని యొక సుందర పురుషుని కలలో గాంచి మేల్కాంచెను. అతని పేరు తెలియదు, ఊరు తెలియదు. ఎట్టివాడని చెలికత్తె అడిగినచో వర్ణింపగలదే గాని ఇతడని చూపలేదు. అప్పుడు చిత్రరేఖ దేవతల, గంధర్వుల, మానవుల చిత్రములను వరుసగ లిఖింపసాగెను. యాదవ వీరుల రూపములు వ్రాయుచు ప్రద్యుమ్నుని వ్రాయగా ఉష సిగ్గుపడెను. అనిరుద్ధుని వ్రాయగనే తలవంచి, వీడే వీడే యని చిరునవ్వు నవ్వెను.

మాటలకు అందనిది గుర్తునకు అందినది. కలలోని జ్ఞప్తి నడచు తీరు సరిగా ఇదియే. తలచుకొనుటకు ప్రయత్నించినచో పారిపోవును. పగటివేళ ఒక వాసనయో, ఒక గొంతుకయో, వీధిలో ఒక తలుపో కనబడినంతనే, రాత్రి కలలో నున్నదిదే కదాయని తళుక్కున మెరయును. చిత్తమునందు ముద్రపడినది నశింపలేదు. పిలుపునకు మాత్రము పలుకకున్నది.

ఆధునిక శాస్త్రజ్ఞులును ఈ విషయమున కొంత వెలుగు ప్రసరింపజేసిరి. 1953 లో చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియేల్ క్లైట్‌మన్ అనువారు, నిద్రలో కొన్ని వేళల మూసిన రెప్పల క్రింద కనుగ్రుడ్లు వడివడిగా కదలుచుండుననియు, అట్టి సమయమున లేపబడినవారు కలలను ఎక్కువగా చెప్పగలుగుదురనియు ప్రకటించిరి. ఈ దశ దాదాపు 90 నిమిషముల కొకసారి వచ్చుచు, తెల్లవారు కొలది దీర్ఘమగుచుండును. ఆ దశలో మెదడునందు జ్ఞాపకమును స్థిరపరచుటకు తోడ్పడు కొన్ని రసాయనములు తగ్గియుండుట, కలలు త్వరగా మరపునకు వచ్చుటకు ఒక కారణమని వారి తరువాతివారు భావించిరి. వేకువజామున వచ్చిన కలలు హెచ్చుగ జ్ఞప్తియందుండుట పెద్దలు ఎరిగిన విషయమే. ఆ వేళ కలలు దీర్ఘమగుట, వెంటనే మెలకువ వచ్చుట ఇందుకు హేతువులుగ తోచుచున్నవి.

అయితే శాస్త్రము మెదడు యొక్క కదలికను కొలచినది. కొలతకు లొంగనిది ఒకటి మిగిలియే యున్నది. పతంజలి మహర్షి స్మృతిని నిర్వచించుచు, అనుభవించిన విషయము జారిపోకుండుటయే స్మృతియని తెలిపెను. అనుభవము ఒకరిది, జ్ఞాపకము మరియొకరిది కానేరదు. రాముడు తిన్న విందు సోమునకు జ్ఞప్తికి రాదు. కాబట్టి ఉదయమున "నేను కలగంటిని" అని చెప్పువాడు రాత్రి ఆ కలను చూచినవాడే కావలెను. కలలో వేరొక శరీరము, వేరొక వయస్సు, వేరొక ఊరు. మెలకువలో ఇవి యన్నియు మారిపోయినవి. మారనిది ఒక్కటే, చూచువాడు. గాఢనిద్రనుండి లేచి "సుఖముగ నిద్రించితిని, ఏమియు తెలియలేదు" అనువాడును వాడే. ఏమియు తెలియలేదను సంగతియు ఎవరికో తెలిసినది కదా! ఆ యెరుకకే వేదాంతము సాక్షి యని పేరిడినది. ప్రతి ఉదయమును కలను తలచుకొను సామాన్య గృహస్థు, తానెరుగకయే ఆత్మ నిత్యత్వమునకు సాక్ష్యము పలుకుచున్నాడు.

కలలు ఫలించునా?

ఆస్తికులను మిక్కిలి కలవరపరచు ప్రశ్న ఇది. కన్నబిడ్డకు కీడు జరిగినట్లు కలగన్న తల్లి ఆ దినమంతయు అన్నము ముట్టజాలదు. ఆ భయమును ఆసరాగ చేసికొని, దోషము కలదు, శాంతి చేయింపవలెనని పుస్తెలతాడు వరకు అమ్మించు వారును లోకమున లేకపోలేదు. కావున శాస్త్రము చెప్పిన దానిని ఉన్నదున్నట్లు తెలిసికొనుట అవసరము.

చరకసంహిత ఇంద్రియస్థానమునందు కలలు ఏడు విధములుగ విభజింపబడినవి. చూచినవి, విన్నవి, అనుభవించినవి, కోరినవి, ఊహించినవి, భావిని సూచించునవి, వాతపిత్తకఫముల వికారముచే కలుగునవి. వీనిలో మొదటి ఐదును నిష్ఫలములని ఆ గ్రంథమే చెప్పినది. పగటి కలలును, అతిదీర్ఘములు, అతిస్వల్పములు నైనవియు ఫలరహితములు. చెడు కల వచ్చిన వెనుక మంచి కల వచ్చినచో మంచిదే ఫలించునని ఊరటయు కలదు. అనగా శాస్త్రమును నమ్మువారికి సైతము, కలలలో పెక్కింటికి భయపడవలసిన పని లేదు. బిడ్డపై బెంగతో నిదురించిన తల్లికి బిడ్డయే కలలోనికి వచ్చును. అది ఆమె ప్రేమకు గుర్తేగాని బిడ్డకు కీడు కాదు.

బ్రహ్మసూత్రములు మూడవ అధ్యాయమున స్వప్నసృష్టిని విచారించినవి. శంకర భగవత్పాదులు దానిని మాయామాత్రమని నిర్ణయించి, శుభాశుభములను సూచించు శక్తి మాత్రము దానికి కలదని అంగీకరించిరి. శ్రీ భగవద్రామానుజులు, జీవుని స్వల్పకర్మలకు ఫలముగ, ఆ జీవుడొక్కడే చూడదగినట్లుగను, ఆ కాలమున మాత్రమే యుండునట్లుగను ఈశ్వరుడే స్వప్నపదార్థములను సృజించునని వ్యాఖ్యానించిరి. వాసనలనుండి భగవంతుడు కల్పించు స్వప్నము సత్యమేయని శ్రీ మధ్వాచార్యుల మతము. త్రోవలు వేరైనను భక్తునికి ధైర్యమిచ్చు ఫలితము ఒక్కటియే. భ్రాంతియైనచో భయము వలదు. ఈశ్వర సృష్టియైనచో, దానిని సృజించిన చేతులు రక్షించు చేతులే.

రామాయణమున మూడు స్వప్న ఘట్టములు

శ్రీమద్రామాయణము కలల విషయమున మానవుడు మెలగవలసిన తీరును మూడు ఘట్టములతో బోధించుచున్నది.

మొదటిది భరతుని స్వప్నము. మేనమామ యింట నున్న భరతునికి, అయోధ్యనుండి దూతలు చేరిన రాత్రియే ఒక భయంకర స్వప్నము వచ్చెను. తండ్రి తల విరియబోసికొని మలిన శరీరముతో కొండకొననుండి పడినట్లును, దోసిళ్ళతో తైలము త్రావినట్లును, గాడిదలను పూన్చిన రథముపై దక్షిణ దిశకు పోయినట్లును కానిపించెను. సముద్రము ఎండిపోయెను, చంద్రుడు నేలపై బడెను. మిత్రులు ఎన్ని వినోదములు కల్పించినను అతని గుండె కుదుటపడలేదు. అప్పటికే దశరథుడు దివంగతుడై యుండెను. ఈ కల దేనిని ఆపలేదు, ఆపుటకు వచ్చినదియు కాదు. భరతుడు ధన్యుడైనది కలగన్నందుకు గాదు. మేల్కొని చేసిన పనికి ధన్యుడైనాడు. చేతికందిన రాజ్యమును కాదని, అన్న పాదుకలను తలదాల్చి, నందిగ్రామమున పదునాలుగేండ్లు తపస్వివలె జీవించినాడు.

రెండవది సుందరకాండమునందలి త్రిజటా స్వప్నము. శ్రీరాముడు తెల్లని మాలాంబరములు ధరించి ఆకాశమార్గమున దంతపు పల్లకిలో వచ్చినట్లును, సీతమ్మ సముద్రము చుట్టుకొనియున్న శ్వేతపర్వతముపై నున్నట్లును, రావణుడు ముండిత శిరస్కుడై నూనె పూసికొని పుష్పకమునుండి పడినట్లును ఆమె చూచెను. రాక్షసియైనను త్రిజట ఆ కలను దాచుకొనలేదు. బెదరించుచున్న తోటివారిని వారించి, సీతమ్మను క్షమాపణ వేడుకొనుడని హితవు చెప్పెను. ఒక కల మరియొకరి బాధను తగ్గించుటకు వినియోగపడినచో అదియే దాని సాఫల్యము.

మూడవది అన్నిటికంటె సున్నితమైనది. శింశుపావృక్షముపై హనుమంతుని చూచిన సీతమ్మ అది కలయేమోయని శంకించెను. స్వప్నమున వానరదర్శనము అశుభమని శాస్త్రములు చెప్పునని ఆమెకు తెలియును. అట్టి భయమున ఆ తల్లి నోట మొదట వెలువడినదేమి? రామునకును, లక్ష్మణునకును, తండ్రి జనకునకును క్షేమము కలుగుగాక యని! తన సంగతి తలపునకే రాలేదు. పిదప నెమ్మదిగా యోచించి, శోకముచే తనకు నిద్రయే లేదు గదా, నిద్ర లేనిచో కల యెక్కడిదని నిశ్చయించుకొనెను. దుస్స్వప్నమునకు ఇంతకు మించిన శాంతి లేదు. ముందు తనవారి క్షేమమును ప్రార్థించుట, వెనుక వివేకముతో విచారించుట. ఆమె అపశకునమని శంకించినవాడే రాముని ఉంగరము తెచ్చిన శుభవార్తాహరుడు!

కలను కృతిగ మలచినవారు

తెలుగు సాహిత్యమునకు స్వప్నము చేసిన మేలు సామాన్యము కాదు. తిక్కన సోమయాజి విరాటపర్వము అవతారికలో, గతించిన తన తండ్రి కొమ్మన కలలో కనబడి హరిహరనాథుని ఆనతిని తెలిపిన విధమును చెప్పుకొనెను. ఆ దేవునికే అంకితముగ భారతమున పదునైదు పర్వములను తెనిగించెను. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర సమయమున కృష్ణాతీరమునందలి శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువును సేవించి, హరివాసరమున ఉపవసించియుండగా, వేకువజామున స్వామి కలలో సాక్షాత్కరించి గోదాదేవి కల్యాణమును తెలుగున రచింపుమని ఆజ్ఞాపించెను. దాని ఫలమే శ్రీ వేంకటేశ్వరునకు అంకితమైన ఆముక్తమాల్యద.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. తిక్కనకు కలలో కనబడినది తండ్రియే. పోయినవారు కలలో కనబడినచో కీడని బెదరువారు ఈ ఘట్టమును తలచుకొనవలెను. తండ్రి కుమారుని భయపెట్టుటకు రాలేదు, దీవించి పనికి పురికొల్పుటకు వచ్చెను. రాయలు సైతము కల వచ్చినదని సంతసించి ఊరకుండలేదు. యుద్ధముల నడుమ, రాజ్యభారము నడుమ ఒక్కొక్క పద్యము కూర్చి ఆజ్ఞ నెరవేర్చెను. కల ఒక్క రాత్రిది, పని ఎన్నో దినములది. దైవము కలలో విత్తనమును మాత్రమే ఇచ్చును. దున్నుట, తడుపుట మెలకువలో జరుగవలసినవే.

సాధకుని కర్తవ్యము

కావున ఆస్తికులు కలల విషయమున మూడు నియమములు పాటించుట శ్రేయస్కరము. ఒకటి, శయనించునపుడు దైవస్మరణతో శయనించుట. మనస్సు దేనితో నిద్రలో ప్రవేశించునో దానినే పెంచుకొనును. రెండు, చెడు కల వచ్చినచో దానిని నలుగురికి చెప్పి పెంచక, విష్ణునామమును స్మరించుట. విష్ణుసహస్రనామములలో దుఃస్వప్ననాశనుడను నామము కలదు. గజేంద్రమోక్షణ కథాశ్రవణము దుస్స్వప్నములను హరించునని భాగవతము ఫలశ్రుతి చెప్పినది. ఈ రెండింటికిని పైకము అక్కరలేదు. మూడు, మంచి కల వచ్చినచో గర్వింపక, అందలి మంచిని పగటివేళ ఆచరణకు తెచ్చుట. కలలో లభించిన జ్ఞానమును ఆలంబనముగ గొని చిత్తమును నిలుపవచ్చునని పతంజలి సైతము అంగీకరించెను.

గతించినవారిని కలలో చూచి మేల్కాంచి దుఃఖించువారికి ఒక్క మాట. వారి ముఖము మరచిపోయితిమని, గొంతుక జ్ఞప్తికి వచ్చుటలేదని ఎందరో లోలోపల కుములుచుందురు. కాని కలలో ఆ ముఖము, ఆ గొంతుక, ఆ పిలుపు చెక్కు చెదరక వచ్చినవి. మెలకువలో వెదకి పట్టలేకపోయిన దానిని హృదయము పోగొట్టుకొనలేదని దీనివలన తెలియుచున్నది. ఆ దినమున వారి పేర ఒక పేదవానికి అన్నము పెట్టినచో, కలలో చల్లారిపోవుచున్నదని తండ్రి పిలిచిన అన్నము వృథా కాదు.

కలలో చిక్కుకొనరాదనుటకు ఛాందోగ్యోపనిషత్తునందలి ఇంద్రుని కథ ప్రమాణము. స్వప్నమున సంచరించువాడే ఆత్మయని ప్రజాపతి బోధింపగా, మొదట తృప్తిచెందిన ఇంద్రుడు మార్గమధ్యమున ఆలోచించెను. కలలోని జీవునకు దేహపు గ్రుడ్డితనము, కుంటితనము లేకపోవచ్చును. కాని వాడును తరుమబడినట్లు భయపడుచున్నాడు, ఏడ్చుచున్నాడు. ఏడ్చువాడు పరమాత్మ యెట్లగును? ఈ సంశయముతో ఇంద్రుడు వెనుదిరిగి, మొత్తము నూటయొక్క సంవత్సరములు బ్రహ్మచర్యము సలిపి, మూడవస్థలకును అతీతమైన తత్త్వమును గ్రహించెను. దేవేంద్రుడే ఆగని చోట మానవుడు ఆగదగునా?

రాత్రి కల తెల్లవారగనే కరగును. ఈ జీవితమను దీర్ఘస్వప్నమునకు తెల్లవారుట జ్ఞానోదయమే. నిత్యము బ్రాహ్మీముహూర్తమున ఆలయములలో స్వామికి మేలుకొలుపు పాడుదురు. యోగనిద్రలో నున్న స్వామి సర్వమును ఎరుగును, ఆయనకు మరపు లేదు. ఆ పాట విని మేల్కొనవలసినది జీవుడే. రాత్రి చూచిన కలను, ఆ కలను చూచిన తన్ను, తనలో నుండి చూపించిన స్వామిని వరుసగ తలచుకొని లేచువానికి ఏ కలయు పీడకల కానేరదు. దుఃస్వప్ననాశనుడైన శ్రీహరి ఆస్తికలోకమునకు సుఖనిద్రను, శుభస్వప్నములను, తుదకు నిజమైన మెలకువను అనుగ్రహించుగాక!